నవ్వుల పాఠం

పోయిన వారం కథ ఆపేటప్పుడు అక్కని వంటింటి గుమ్మంలో, చేతిలో తడి గిన్నెతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది, పాపం. ముందు గదిలో చెల్లెలు, అక్క రాసిచ్చిన కాగితాన్ని కళ్ళు మూసుకుని బట్టీ పడుతోంది. మనం చేసిన తప్పుని ఎదుటి మనిషి అంత శ్రద్ధగా వల్లెవేస్తుంటే వినాల్సి రావడం కంటే వేరే శిక్ష అక్కర్లేదు.

ఇవాళే ఈ పేజీ తెరిచినవాళ్ళ కోసం నాలుగు మాటలు. చెల్లెలు కృత్రిమ కాళ్ళు చేసే కార్ఖానాలో పనిచేస్తుంది. కాలు పోయినవాళ్ళ మోడుకి పిండికట్టు చుట్టి కొలత తియ్యడం, ఆ కొలతకి తొడుగు పోసి, చర్మం ఒరిసిపోకుండా గంటల తరబడి అరగదీయడం ఆమె పని. ఆ కార్ఖానాని నడిపే ధర్మసంస్థకి రేవు ఊళ్ళో ఒక పాత గోదాము ఖాళీగా పడి ఉంది. అందులో కాళ్ళ కేంద్రం పెట్టాలని చెల్లెలూ, పళ్ళ ఆసుపత్రి పెట్టాలని ఒక పళ్ళ డాక్టరూ అడుగుతున్నారు. రేపు సోమవారం ఇద్దరూ కమిటీ ముందు నిలబడి మాట్లాడాలి. నెగ్గినవాళ్ళే ఆ ఊరు వెళ్ళి కేంద్రం నడుపుతారు.

ఇక అక్క. ఆవిడ జనానికి నలుగురిలో మాట్లాడటం నేర్పుతుంది. అందులోనూ మొదలు ఎలా ఎత్తుకోవాలన్న దాంట్లో ఆవిడకి ఆవిడే సాటి. మొదటి నిమిషంలో వినేవాళ్ళు మన చేతికి చిక్కకపోతే ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా చిక్కరని ఆవిడ నమ్మకం. ఊళ్ళో అందరూ 'మొదటి నిమిషం మేడం' అంటారు. అలాంటి మనిషి ఒడిలో పెంచిన చెల్లెలికి మాత్రం చచ్చిన మొదలు ఒకటి రాసిచ్చింది. కావాలనే రాసింది. కారణం పిచ్చుక.

పిచ్చుక చెల్లెలి కూతురు. ఏడేళ్ళది. తండ్రికి వేరే ఊళ్ళో వేరే సంసారం ఉంది, ఆయన జోలి మనకొద్దు. పిచ్చుకకి తల దువ్వేది పెద్దమ్మ, లెక్కలు చెప్పేది పెద్దమ్మ, నిద్రలో కాలు వేసేది పెద్దమ్మ పొట్ట మీద. చెల్లెలు నెగ్గితే రేవు ఊరికి వెళ్తుంది, వెళ్తే పిల్లని తీసుకెళ్తుంది. అక్క చేసుకున్న లెక్క అంతే. ఆ లెక్క తేలిన రోజే ఆవిడ కలం పట్టింది.

"అక్కా, గిన్నె కారుతోంది," అంది చెల్లెలు కళ్ళు తెరిచి. "వచ్చి కూర్చో. ఈసారి మొత్తం ఏకబిగిన చెప్తాను. ఎక్కడైనా తడబడితే ఆపు."

అక్క గిన్నె కింద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆదివారం పొద్దున్న ఎండ కిటికీలోంచి సగం గదిలోకి వచ్చింది. ఉతికి ఆరిన బట్టలు కుప్పగా ఉన్నాయి. చెల్లెలు ఇస్త్రీ బల్లనే ఉపన్యాసం బల్ల చేసుకుని దాని వెనక నిలబడింది. ఆ బల్ల కింద పిచ్చుక బోర్లా పడుకుని, వాళ్ళమ్మ కార్ఖానా నుంచి తెచ్చిన పనికిరాని పిండిపాదానికి గోళ్ళరంగు వేస్తోంది.

చెల్లెలు గొంతు సవరించుకుంది.

"వేదికను అలంకరించిన పెద్దలకీ, వేదిక ముందు ఆసీనులైన పెద్దలకీ, నాకీ అవకాశం కల్పించిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా నా హృదయపూర్వక ధన్యవాదాలు. నేను వక్తని కాను. మాటల్లో తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించగలరని ప్రార్థిస్తున్నాను. ఈ నా చిన్న ప్రసంగంలో ముందుగా మన సంస్థ పుట్టుపూర్వోత్తరాలు, ఆపైన సంస్థ ఆశయాలు, ఆపైన ఆ ఆశయాల సాధనలో ఎదురైన అవరోధాలు, చివరగా..."

బల్ల కింద నుంచి కిసుక్కుమని నవ్వు వినబడింది.

"...చివరగా, సమయం అనుమతిస్తే, అసలు సంగతి," అని పిచ్చుక వాక్యం పూర్తిచేసి, పొట్ట పట్టుకుని వెల్లకిలా దొర్లింది.

చెల్లెలి చేతిలోని కాగితంలో 'అసలు సంగతి' అన్న చోట 'నా ప్రతిపాదన' అని ఉంది. తేడా అంతే. ఆమె వంగి బల్ల కిందకి చూసింది.

"నీకెలా తెలుసే?"

"అది నవ్వుల పాఠం కదమ్మా," అంది పిచ్చుక కళ్ళు తుడుచుకుంటూ. "సెలవుల్లో నేను పెద్దమ్మ క్లాసుకి వెళ్తాగా. కొత్తవాళ్ళు రాగానే పెద్దమ్మ ఫస్టు ఇదే చెప్తుంది. ముఖం ఇలా పెట్టి చెప్తుంది. అందరూ ఒకటే నవ్వు. అప్పుడు పెద్దమ్మ, మీకు ఎక్కడ నిద్రొచ్చింది అని అడుగుతుంది. ఒకాయన పేరుపేరునా దగ్గర అన్నాడు. నువ్వు పెద్దమ్మకంటే బాగా చెప్పావమ్మా. నువ్వు అసలు నవ్వట్లేదు."

పిల్లలు గాజు పలకలాంటి వాళ్ళు. వాళ్ళకి ఏమీ తెలియదు, వాళ్ళలోంచి అన్నీ కనబడతాయి. అక్క ముఖాన నెత్తురు చుక్క లేదు. రెండేళ్ళుగా ప్రతి కొత్త తరగతి ముందూ తానే ముఖం వేలాడేసి అప్పజెప్పే ఆ చచ్చిన మొదలుని, ఇక్కడొక మాటా అక్కడొక మాటా మార్చి చెల్లెలి చేతిలో పెట్టింది. రాసేటప్పుడు ఆవిడ పిచ్చుక గురించి తప్ప వేరే ఆలోచించలేదు. ఆ పిచ్చుకే వెనక బెంచీలో కూర్చుని రంగు పెన్సిళ్ళు చెక్కుకుంటూ అంతా వింటుందన్న సంగతి మాత్రం ఆలోచనకి రాలేదు.

"పిచ్చుకా," అంది అక్క, "మేడ మీద దుప్పట్లు ఎండాయేమో చూసి రా తల్లీ."

పిచ్చుక పిండిపాదాన్ని చంకన పెట్టుకుని మెట్లెక్కింది. చెల్లెలు కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచి, మడతలు సరిచేసింది. కోపం లేదు ఆ ముఖంలో. అర్థంకానితనం ఉంది.

"ఏంటక్కా ఇది?"

"అది... క్లాసులో ఏదో నవ్వించడానికి చెప్తాను," అంది అక్క. "క్లాసు వేరు, కమిటీ వేరు. ఆ కమిటీలో అందరూ పాతకాలం మనుషులు. దణ్ణాలూ మర్యాదలూ లేకపోతే మొహం ముడుచుకుంటారు. నీ మీద మాట రాకూడదని పదిలంగా రాశాను."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో చూశారా. మొదలు ఎత్తుకోవడం తెలిసిన మనిషి కదా.

చెల్లెలి భుజాలు తేలికపడ్డాయి.

"అంతేనా. ఇంకా ఏదో అనుకుని హడలిపోయాను. మనుషుల సంగతి నీకు తెలిసినంత నాకేం తెలుసు, నాకు తెలిసింది కాళ్ళే కదా," అని నవ్వి, పెన్సిల్ తీసుకుంది. "ఈ పేరుపేరునా అన్న చోట కొంచెం ఆగనా? ఆగితే గౌరవంగా ఉంటుందేమో."

ఆగాల్సిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి ఇంకా శ్రద్ధగా, ప్రతి మాటా మనసులోంచి వస్తున్నట్టు చెబుతోంది. ధన్యవాదాలు అన్నప్పుడు చెయ్యి గుండె మీద పెట్టుకుంది. ఆ చేతివేళ్ళకి పిండికట్టు మరకలు ఇంకా పోలేదు. చిన్నప్పుడు ఆ వేళ్ళు పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించింది అక్కే.

గండం గడిచింది. అబద్ధం అతికింది. రేపు చెల్లెలు ఓడిపోతుంది, ఏడుస్తుంది, అక్క ఓదారుస్తుంది, పిచ్చుక ఇక్కడే ఉంటుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అక్కకి కావాల్సింది ఇదే. కానీ ఓడిన చెల్లెల్ని ఓదార్చే ఆ రేపటి తనని తలుచుకుంటే ఆవిడకి అసహ్యం వేసింది.

"ఆపు," అంది.

"తప్పు పోయిందా?"

"ఆపవే. అది మర్యాద కాదు, పాడు కాదు. అది చచ్చిన మొదలు. అలా మొదలుపెడితే అసలు సంగతికి వచ్చేసరికి వాళ్ళు గోడ గడియారం చూస్తుంటారు. నాకు తెలుసు. తెలిసే రాశాను."

పైన మేడ మీద పిచ్చుక ఏదో పాట పాడుతోంది. చెల్లెలు పెన్సిల్ కింద పెట్టింది.

"ఎందుకు?"

"నువ్వు నెగ్గితే వెళ్తావు. దాన్ని తీసుకుపోతావు." అక్క పైకప్పు వంక చూపించింది.

తిడుతుందనుకుంది అక్క. తిడితే బాగుండుననుకుంది. చెల్లెలు తిట్టలేదు. కుప్పలోంచి పిచ్చుక బడి చొక్కా తీసి, బల్ల మీద పరిచి, కాలర్ దగ్గర చేత్తో సాపు చేసింది. ఇస్త్రీ పెట్టె వేడెక్కలేదు, అసలు తీగే తగిలించలేదు. అయినా దాన్ని చొక్కా మీద రెండుసార్లు నడిపింది.

"ఆ గోదాముకి తలుపుల్లేవు," అంది చివరికి. "మొదటి ఏడాదంతా అక్కడ దుమ్మూ సిమెంటూ తప్ప ఏమీ ఉండవు. నేనుండేది వెనక చిన్న గదిలో. అలాంటి చోటికి పిల్లనెలా తీసుకెళ్తాననుకున్నావు? దాన్ని నీ దగ్గరే ఉంచి వెళ్దామనుకున్నాను. ఆ మాట అడగడానికి నెల్లాళ్ళుగా నోరు రావట్లేదు నాకు. ఇప్పటికే అన్నీ నీ నెత్తిన పెట్టాను, ఇది కూడానా అని సిగ్గేసింది. రేపటి పని అయిపోయాక కాళ్ళు పట్టుకునైనా అడుగుదామనుకున్నాను."

అక్క లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. చేతికి అందబోతున్నదాన్ని తన చేత్తోనే అవతలికి తోసేసిందన్న సంగతి మెదడుకి ఎక్కడానికి కాసేపు పట్టింది.

"ఇప్పుడు అడగవే," అంది, ఆశపడకూడదని తెలిసి కూడా.

"ఇప్పుడు దాన్ని మీ దగ్గర ఎలా వదలమంటారు?"

మీరు అంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత చెల్లెలు అక్కని మీరు అనడం అదే మొదటిసారి. చెంప మీద కొట్టినా అక్కకి అంత తగిలేది కాదు. చెల్లెలు చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. ఆ కాగితాన్ని కూడా అలాగే నాలుగు మడతలు పెట్టి అక్క ఒళ్ళో పెట్టింది. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పండి మేడం. మీ దగ్గరికి వచ్చేవాళ్ళకి ఎలా చెప్తారో నాకూ అలాగే చెప్పండి. మంచి మొదలు ఎలా ఉండాలి?"

"వద్దే అలా పిలవకు."

"నాకు రేపు పొద్దున్న మీటింగు ఉంది. చెప్పండి."

అక్క చెప్పింది. ఏ ముఖం పెట్టుకుని చెప్పిందో ఆవిడకే తెలియాలి. వినేవాళ్ళ కళ్ళకి కట్టేది ఏదో ఒకటి ముందు పెట్టాలంది. అది ఇతరులు చెప్పగా విన్నది కాకుండా, మాట్లాడేవాళ్ళు సొంతంగా చూసినదై ఉండాలంది. అది చూపించి ఊరుకోకుండా దానితో వినేవాళ్ళకేం పనో చెప్పాలని, మన పేరూ చదువూ ఆ తర్వాత చెప్పుకున్నా కొంపలంటుకోవని, క్షమాపణలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళాలని చెప్పింది. చెబుతున్నకొద్దీ ఇవన్నీ ఊరందరికీ పంచి, ఇంట్లో మనిషికి దాచిన సంగతే ఆవిడ చెవుల్లో మోగింది. చెల్లెలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది గానీ కళ్ళలోకి చూడలేదు.

"నేను చూసినవి చాలా ఉన్నాయి. అందులో ఏది ఏరుకోవాలి?"

"ఏది చెప్పాలంటే నీకు భయమేస్తుందో అది."

చెల్లెలు తల ఊపి లేచింది. కార్ఖానా తాళాలు తీసుకుని, మిగతాది అక్కడ రాసుకుంటానని వెళ్ళిపోయింది. పిచ్చుక దుప్పట్లతో దిగివచ్చి, అమ్మేదని అడిగింది. పనుందని వెళ్ళిందని అక్క చెప్పింది. ఆ పూటంతా పిల్ల కబుర్లు చెబుతుంటే ఊ కొడుతూనే ఉంది. ఒక్కటీ చెవికెక్కలేదు.

*

సోమవారం అక్కని ఎవరూ రమ్మనలేదు. అయినా వెళ్ళింది. ధర్మసంస్థ హాల్లో చివరి వరసలో, స్తంభం పక్క కుర్చీలో కూర్చుంది. ముందు వరసల్లో తెలిసిన తలలు చాలా ఉన్నాయి. సగం మంది ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఒకరిద్దరు వెనక్కి తిరిగి, మేడం అని గౌరవంగా తలవంచారు. ఆ గౌరవం ఆవిడకి ఒంటి మీద గొంగళి పురుగు పాకినట్టుంది.

ముందు పళ్ళ డాక్టరు లేచాడు. ఏమీ మాట్లాడకుండా జేబులోంచి ఒక ఆపిల్ పండు తీసి, కరకరమని కొరికాడు. ఆ చప్పుడు మైకులో హాలంతా వినబడింది. "ఈ చప్పుడు చెయ్యలేని వాళ్ళు ఆ రేవు ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నారు," అన్నాడు. కమిటీ అధ్యక్షురాలు, తెల్లటి జుట్టు కత్తిరించుకున్న పెద్దావిడ, పెన్ను కింద పెట్టి అతని వంక చూసింది. హాలంతా అతని చేతికి చిక్కింది. చిక్కదా మరి. ఆ ఆపిల్ పండు అక్కదే. పోయిన నెల క్లాసులో ఎన్నిసార్లు కొరికించిందో, చప్పుడు సరిగ్గా వచ్చేదాకా వదిలిపెట్టలేదు. పరాయివాడికి అంత చేసిన చేత్తోనే చెల్లెలికి ఆ చచ్చిన కాగితం రాసిచ్చింది. అక్క తల దించుకుంది.

తర్వాత చెల్లెలు వచ్చింది. చేతిలో కాగితం లేదు.

"మా దగ్గర కొలత ఇచ్చి వెళ్ళి, కాలు తయారయ్యాక తీసుకెళ్ళడానికి రాని మనుషులు ఉన్నారు. వాళ్ళ కాళ్ళు మా అలమరలో వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం రేవు ఊరివాళ్ళవి," అని మొదలుపెట్టింది. "ఇన్నాళ్ళూ దూరం వల్ల రాలేదనుకున్నాను. దూరం ఒక్కటే కాదు. వాళ్ళ ఇంట్లో ఒక మనిషి ఉంటుంది. నేనున్నానుగా, నీకెందుకు అంత అవస్థ అంటుంది. ప్రేమగానే అంటుంది. తను పట్టుకోకపోతే కదలలేని మనిషి, లేచి నడిచి వెళ్ళిపోతే తన దగ్గర ఇంకెవరుంటారని ఆమె భయం. ఆ మనిషి ఎలా ఉంటుందో నాకు నిన్ననే తెలిసింది. మా ఇంట్లోనే ఉంది. నేనిక్కడ నిలబడి మీ ముందు ఓడిపోవాలని ఆమె కోరుకుంది."

హాల్లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. నేర్పిన మనిషికి తెలుసు, అది మంచి మొదలు. ఇన్నేళ్ళలో ఆవిడ విన్న వాటన్నిటిలోకీ మంచి మొదలు. గర్వమూ సిగ్గూ అక్కకి ఒకేసారి వచ్చాయి.

"ఒక్క నిమిషం అమ్మాయ్," అంది అధ్యక్షురాలు. "ఈ మధ్య ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ఏదో ఒక కథతో మొదలుపెడుతున్నారు. ఎవరో కూర్చోబెట్టి నేర్పుతున్నారట. నాకు కట్టుకథలంటే పడదు. నువ్వు చెప్పిన మనిషి నిజంగా ఉందా?"

"ఉందండి."

"ఎవరు?"

చెల్లెలు చివరి వరస వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో అక్కకి అక్కడి నుంచే కనబడింది.

"అది నేను చెప్పనండి," అంది చెల్లెలు.

"చెప్పకపోతే నేనెలా నమ్మను? నీ మొదటి మాటే నమ్మకపోతే మిగతావి ఎందుకు వినాలి?" అధ్యక్షురాలు పెన్ను చేతిలోకి తీసుకుంది. పళ్ళ డాక్టరు ముందు వరసలో కాలు మీద కాలు వేసుకున్నాడు.

అక్క లేచి నిలబడింది. కుర్చీ చప్పుడుకి తలలన్నీ వెనక్కి తిరిగాయి. మేడం ఏదో సలహా చెబుతారనుకున్నట్టు కొందరి ముఖాలు విప్పారాయి కూడా.

"ఆ మనిషి నేనేనండి," అంది. "ఈ అమ్మాయి అక్కని. తను ఓడిపోవాలనే చెడ్డ మొదలు రాసిచ్చాను. అక్కడున్న ఆ ఆపిల్ పండు కూడా నేను నేర్పిందే."

హాలంతా గుసగుసలు లేచాయి. ఎవరో ముక్కున వేలేసుకున్నారు. అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి, ఆవిడని ఎగాదిగా చూసింది.

"అయితే మీరు ఇలా రండి," అంది మైకు వైపు చెయ్యి చూపిస్తూ. "చెల్లెలికి ఆ కేంద్రం దక్కకూడదనుకున్నది మీరు. అది ఆమెకి ఎందుకివ్వాలో ఇప్పుడు మీరే చెప్పండి. మీరు ఒప్పించగలిగితే నేను నమ్ముతాను."

కుర్చీల మధ్య దారి పొడవునా ఎవరూ అక్క ముఖం చూడలేదు, అందరూ ఆవిడ పాదాలు చూశారు. చెల్లెలు మైకు దగ్గర నుంచి ఒక అడుగు పక్కకి జరిగింది. పిలవలేదు, వద్దనలేదు.

బాగా చెబితే చెల్లెలు నెగ్గుతుంది. నెగ్గితే, తలుపుల్లేని ఆ గోదాముకైనా సరే, పిచ్చుకని వెంటబెట్టుకునే పోతుంది. ఏం చెబితే ఈ హాలు మెత్తబడుతుందో అక్కకి తెలుసు. ఏం చెబితే బిగుసుకుంటుందో కూడా తెలుసు. రెండూ నాలిక చివరే ఉన్నాయి. ఆవిడ మైకుని తన ఎత్తుకి దించుకుని, నోరు తెరిచింది.